పుట్టింటి చీరకి సుంకం ఎవరు కట్టాలి?

అమెరికాలో పిల్లలున్న ఇళ్లల్లో 2025 ఆగస్టు నెల గాభరాగా గడిచింది. చాలా దేశాల నుంచి వచ్చే 800 డాలర్లలోపు పార్సెళ్లకి అంతవరకూ అక్కడ సుంకం ఉండేది కాదు. ఆ మినహాయింపుని అక్కడి ప్రభుత్వం ఆ నెల 29 నుంచి తీసేసింది. దానికి రెండ్రోజుల ముందే, సరిగ్గా వినాయకచవితి నాడు, మన దేశం నుంచి వెళ్లే చాలా సరుకుల మీద వాళ్లు వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరింది. మన తపాలాశాఖ 25వ తేదీ నుంచే అమెరికా పార్సెళ్లు ఆపేసింది. మొదట ఉత్తరాలూ, 100 డాలర్లలోపు కానుకలూ మాత్రం తీసుకుంటామన్నారు. నెలాఖరుకి అవీ లేవన్నారు. మళ్లీ తలుపు తెరిచింది అక్టోబరు 15న, దీపావళి ఐదు రోజులుందనగా. ఈలోగా బతుకమ్మా, దసరా వచ్చి వెళ్లిపోయాయి.

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. ప్రపంచ తపాలా సమాఖ్య లెక్కప్రకారం 88 తపాలా సంస్థలు అమెరికాకి టపా పూర్తిగానో కొంతమేరో ఆపేశాయి. సుంకం ఎంతన్నది ఒక చిక్కయితే, దాన్ని ఎవరు వసూలు చేయాలన్నది ఇంకో చిక్కు. అక్కడి పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి డబ్బు వసూలు చేయడు. పంపేచోటే ముందుగా కట్టించుకుని, అమెరికా కస్టమ్స్ వాళ్లు ఒప్పుకున్న సంస్థల ద్వారా జమ చేయాలన్నారు. ఈ ఏర్పాటుకి ఇచ్చిన గడువు నెలరోజులు. ఒక్క రేషను కార్డులో పేరు మార్చడానికే మనకెంత కాలం పడుతుందో తెలిసిన వాళ్లం కదా, తపాలాశాఖని మరీ తిట్టబుద్ధి కాదు.

అసలు వాళ్లెందుకు ఈ పని చేశారంటే, 2015లో ఈ మినహాయింపు కింద అమెరికాలోకి వచ్చిన పార్సెళ్లు 13 కోట్ల 40 లక్షలైతే, 2024 నాటికవి 136 కోట్లు దాటాయి. ఎక్కువభాగం చైనా నుంచి వచ్చే చవక బట్టలూ, వస్తువులూ. వాటి చాటున మత్తుమందులు కూడా వస్తున్నాయని ఇంకో ఆరోపణ. వాళ్ల తగాదా షీన్, టెమూ లాంటి పెద్ద అంగళ్లతో. మధ్యలో నలిగింది మన సున్నుండల డబ్బా.

అలాగని అమెరికానొక్కదాన్నీ ఆడిపోసుకోలేం. విదేశాల నుంచి మనకి టపాలో వచ్చే కానుకలకి 5,000 రూపాయలదాకా ఉన్న మినహాయింపుని మన ప్రభుత్వమే 2019 డిసెంబరులో ఎత్తేసింది. చైనా అంగళ్లు సరుకంతా కానుకల పేరుతో పంపుతున్నాయన్నదే ఇక్కడా కారణం. ప్రాణాధార మందులనీ, రాఖీనీ మాత్రం వదిలిపెట్టారు. ఆ ఉత్తర్వు రాసిన అధికారికి అక్కచెల్లెళ్లు ఉండే ఉంటారనుకుంటాను.

ఇహ మనకి పనికొచ్చే సంగతి. ఈ రభసంతటిలోనూ అమెరికా ఒక్కదాన్ని ముట్టుకోలేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ప్రేమతో పంపే కానుక 100 డాలర్లలోపుంటే సుంకం లేదు. అదీ మనిషికి, రోజుకి. బ్రిటన్‌లో ఈ పరిమితి 39 పౌండ్లు, కెనడాలో 60 కెనడా డాలర్లు. ఆ లెక్కన 100 నయమే. 2025 దసరా నాటి మారకం ప్రకారం అది దాదాపు 8,800 రూపాయలు. ఒకే పెట్టెలో కూతురికీ, అల్లుడికీ, మనవరాలికీ పంపుతుంటే ఎవరిది వాళ్లకి విడిగా చుట్టి, పేరూ విలువా రాస్తే ఒక్కొక్కరికీ ఆ 100 వర్తిస్తుంది. విలువంటే డాలస్ బజారులో ధర కాదు, పంపిన దేశంలో చిల్లర ధర. ఈ మాట చాలామందికి తెలీదు. పచ్చళ్లూ, పొడులూ, రెండు మంగళగిరి నేత చీరలూ కలిపినా పరిమితి దాటక పోవచ్చు. గద్వాలో, ఉప్పాడో పట్టుచీర పెట్టారంటే మాత్రం చాలావరకు ఆ ఒక్కటే దాటేస్తుంది.

తిండి విషయంలో ఇంకో చిత్రముంది. 2002లో చేసిన చట్టం ప్రకారం అమెరికాకి తినే వస్తువు పంపేవాళ్లు ముందుగా అక్కడి ఆహార శాఖకి తెలియజేయాలి. కానీ తన ఇంట్లో తాను చేసి, అమ్మకానికి కాకుండా కానుకగా పంపే వంటకానికి ఆ నిబంధన లేదు. అంటే అమ్మ కలిపిన ఆవకాయకి ఒక నియమం, కొట్లో కొన్న పూతరేకులకి ఇంకో నియమం. చట్టాలు రాసేవాళ్లకి ఆ తేడా తోచినందుకు నాకు ముచ్చటేసింది. అయితే ఇంట్లో చేసినా కోడి పచ్చడి, గోంగూర మాంసం వెళ్లవు. పచ్చి కరివేపాకూ వెళ్లదు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెస్తుందని.

చిక్కల్లా కస్టమ్స్ ఫారంలో విలువ రాసే గడి దగ్గర. కొరియర్ ఏజెంట్లు కొందరు "పది డాలర్లని పడెయ్యండమ్మా" అంటారు. అది వినకండి. అబద్ధం ఇక్కడ రాసినా, సరుకు ఆగేదీ, జవాబు చెప్పుకోవాల్సి వచ్చేదీ అక్కడ మన పిల్లలు. సొంత చేత్తో కలిపిన ఆవకాయకి వెల కట్టడమేమిటని బాధపడక, బజారులో కిలో ఎంతుందో అదే రాయండి.

మా వీధి చివరింటి పిన్నిగారు 2025 సెప్టెంబరులో కూతురికి బారసాల చీర పంపారు. పోస్టాఫీసులో తీసుకోని రోజులు కనక ఒక కొరియర్ వాళ్లకిచ్చారు. పట్టుచీర, కచ్చితంగా పరిమితి దాటిన ధర. చీర చేరింది గానీ, దాంతోపాటు సుంకం బిల్లూ, ఆ పైన కొరియర్ వాళ్ల సేవారుసుమూ కూతురి చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి ఫోన్‌లో నవ్వేసి, "అమ్మా, నువ్వు పెట్టిన చీర నేనే కొనుక్కున్నట్టయింది" అందిట. ఈవిడ మాత్రం వారం రోజులు నవ్వలేదు. "పుట్టింటివాళ్లు పెట్టిన చీరకి ఆడపిల్ల డబ్బు కట్టుకోవడమేమిటమ్మా, అది పెట్టుబడేనా?" అని నన్నడిగారు. న్యాయమైన ప్రశ్న.

అంచేత విలువ ఎక్కువైన కానుక పంపక తప్పదనుకుంటే, సుంకం ఇక్కడే కట్టే ఏర్పాటుందా అని ముందే అడగండి. తపాలాశాఖ అక్టోబరులో మొదలుపెట్టింది ఆ పద్ధతే. అప్పుడు రాసిన విలువలో 50 శాతం కట్టించుకున్నారు. అంటే 200 డాలర్ల చీరకి 100. కొరియర్‌లోలా వస్తువుని బట్టి పడే మామూలు సుంకం దాని మీద మళ్లీ లేదు, కట్టించుకున్నందుకు రుసుమూ లేదు. ఈ శాతం రెండు దేశాల బేరాలను బట్టి మారే అంకె. పార్సెల్ కట్టే రోజున కౌంటరులో అడగండి, పోయిన నెల ఆడపడుచు చెప్పింది పట్టుకుని వెళ్లకండి.

ఇంతవరకూ కానుకలు. అమ్ముకునే ఆడవాళ్ల మాటేమిటి? ఇంట్లో నలుగురిని పెట్టుకుని పచ్చళ్లు పట్టేవాళ్లూ, అమెరికా అమ్మాయిల కొలతలకి మగ్గం పని రవికలు కుట్టించి పంపేవాళ్లూ మన ఊళ్లల్లో ఎంతమంది! ఆ పాత 800 డాలర్ల మినహాయింపు మీదే వాళ్ల వ్యాపారం నిలబడింది. 2,000 రూపాయల రవికకి అక్టోబరు లెక్కన 1,000 సుంకం. కొనేవాళ్లు కడతారా? అమ్మకం కాబట్టి కానుక మినహాయింపు వీళ్లకి వర్తించదు. కానుకని రాసి పంపమని సలహాలిచ్చేవాళ్లున్నారు, పట్టుబడితే ఆ సలహాదారులు కనబడరు.

మన రొయ్యల రైతుల నష్టం గురించి పత్రికలు బాగానే రాశాయి, రాయాలి కూడా. ఈ ఆడవాళ్ల నష్టం గురించి నేను చూసిన పత్రికల్లో ఒక్క అంకె కూడా కనబడలేదు. వీళ్లలో చాలామంది చిన్న పార్సెళ్లు ఏజెంట్ల చేతుల్లో పెట్టేవాళ్లు, ఎగుమతిదారులుగా ఏ లెక్కలోకీ ఎక్కలేదు. తపాలాశాఖకి దేశంలో వెయ్యికి పైగా డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి, చిన్న వ్యాపారులు ఎగుమతి కాగితాలు అక్కడే పూర్తిచేసుకోవచ్చు. మహిళా సంఘాల సమావేశాల్లో ఈ ముక్క ఎవరైనా చెబుతున్నారా? ఎగుమతిదారుగా నమోదైన మనిషికి నష్టమొస్తే కనీసం అడగడానికి ఒక కాగితముంటుంది.

నాకు తెలిసిన మగ్గం పని ఆవిడకి ఆ దసరాకి సగం ఆర్డర్లు ఆగిపోయాయి. కొందరు మాత్రం "డిసెంబరు సెలవులకి వస్తాం, అప్పుడు తీసుకుంటాం" అన్నారట. అక్కడ స్థిరపడ్డవాళ్లు ప్రయాణం నుంచి తిరిగి వెళుతూ పెట్టెలో పెట్టుకుంటే 800 డాలర్లదాకా మినహాయింపు అలాగే ఉంది మరి. ఆవిడ పదకొండు రవికలు కుట్టించి, పాత చీరలో మూటకట్టి బీరువాలో పెట్టింది. పనివాళ్లిద్దరికి కూలి మాత్రం అప్పటిదాకా ఆగదు కదా, గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది.