భీమిలిలో ఓ డాబా ఇల్లు

'మరోచరిత్ర' (1978) చూసిన కళ్లతో భీమిలి వెళ్తే ప్రతి ఇల్లూ సెట్టింగులాగే కనిపిస్తుంది. నాకూ అంతే! సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఓ చిన్న డాబా ఇల్లు అమ్మకానికుందని తెలిసి, పత్రికలకు రాసి రాసి కూడబెట్టిన డబ్బు నమ్ముకుని బయల్దేరాను. పైన మేడ లేదు, మెట్లెక్కే పని లేదు. అమ్మ మోకాళ్లకు అంతకంటే ఏం కావాలి?

తీరా లోపలికెళ్లి తల పైకెత్తితే... శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు తొంగిచూస్తున్నాయి! ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న సిమెంటును పగలగొడుతుంది. కెమెరాకి ఇవన్నీ పట్టవు లెండి, హీరోయిన్ ఆనుకోడానికి గోడ ఉంటే చాలు. నా వెంట వచ్చిన మేస్త్రీ మాత్రం సుత్తితో తట్టి చూసి, "శ్లాబు కొత్తది వెయ్యాల్సిందే" అనేశాడు. సరే, ధర తగ్గించమని అడగొచ్చు.

అసలు మెలిక కాగితాల్లో ఉంది. ఇల్లు తాతలనాటిది. అమ్ముతున్నది అన్నదమ్ములిద్దరూ. అక్కగారి సంతకం లేదు! "మా అప్ప ఏటీ అనుకోదు బాబూ" అన్నాడు పెద్దాయన.

పిత్రార్జితంలో ఆడపిల్లకూ సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం తెచ్చింది ఎవరి ప్రభుత్వమనుకున్నారు? మన తెర మీది రాముడు ఎన్టీఆర్‌దే! 2005లో కేంద్ర చట్టంలోకీ అది ఎక్కింది.

అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని విజయనగరం బస్సెక్కాను. అక్కగారు కాఫీ ఇచ్చి, "పెరట్లో నుయ్యి ఇంకా ఉన్నాదా బాబూ?" అని అడిగింది. సంతకం మాట నా నోట రాలేదు. వచ్చేవారం మళ్లీ వెళ్లాలి.