తాగి నడపడం సొంత విషయం ఎట్లయితది?



'తాగడం ఎవరిష్టం వారిది, పదివేల జరిమానా పేదల నడ్డి విరుస్తోంది' అన్న పాఠకుడి లేఖకు ఇది జవాబు. తాగినందుకు ఎవరూ కేసు పెట్టడం లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్‌తో బండి నడిపితేనే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

2025 అక్టోబరులో కర్నూలు దగ్గర తాగి నడిపిన యువకుడి బైకు రోడ్డు మీద పడి ఉంటే, దాన్ని ఈడ్చుకుపోయిన బస్సు అంటుకుంది. 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. వాళ్ల ఇష్టం ఎవరడిగారు?

తనిఖీలు పట్నాలకే పరిమితమైతే లాభం లేదు. మా రాయపోల్ వైపు కోతల కాలంలో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. చీకటి పడ్డాక బెల్టు షాపు నుంచి లైటు లేని ఎక్సెల్ మీద తూలుతూ వచ్చేవాడికి వడ్ల కుప్ప కనబడదు, దాని పక్కన కావలి పండుకున్న రైతూ కనబడడు. బెల్టు షాపులు మూయించాలి, గజ్వేల్ రోడ్డులో రాత్రి తనిఖీలు పెట్టాలి. జరిమానా బరువనుకునేవారు తాగడానికి పోయేటప్పుడు బండి తాళం ఇంట్లో ఇచ్చి పోతే సరి, పదివేలూ మిగులుతాయి.

- ఒక పాఠకుడు, రాయపోల్, సిద్దిపేట జిల్లా