పేరు తెలియని పూర్వులు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో ఆంగ్లేయుల వలసరాజ్యమైన నేటాల్‌లోని దర్బన్ రేవును చేరింది. 1911 వరకు చెరకుతోటలకూ ఇతర పనులకూ ఒప్పందపు కూలీలుగా అక్కడికి వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. వారిలో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు అనేకులు. ఒక్కొక్కరికీ ఒక సంఖ్య, దాని ప్రక్క పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు. మరణించినా ఆ సంఖ్య క్రిందనే నమోదు.

ఈ చిట్టాలను చరిత్రకారులకే వదిలివేయడం సరికాదని నా అభిప్రాయం. గుమాస్తాలు చెవిన పడినదానిని ఆంగ్లాక్షరాలలో వ్రాసుకొన్నారు. ఆ వ్రాతలో త, ట లకు తరచుగా భేదం కనిపించదు. ల, ళ లకు అసలే లేదు. తాత పుట్టినది కొత్తూరో, కొట్టూరో మునిమనుమడికెలా తెలుస్తుంది? ఒక్క అక్షరం తప్పితే దారి మరో జిల్లాకు పోతుంది. పితృదేవతలకు తర్పణం విడవాలన్నా సరియైన పేరు కావాలి కదా!

అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనజూశారు. ఇంటిపేర్లూ ఊరిపేర్లూ ఎరిగిన మాబోటి విశ్రాంత పండితులు జిల్లాకొకరుగా పూనుకొని ఆ జాబితాలను తెలుగు లిపిలోకి తేవాలి. ఆ ఋణం మనది.