తొమ్మిదో నెంబరు దర్జా

మన మధ్యతరగతి ఇళ్ళకి ఎప్పటికప్పుడు ఓ కొత్త దర్జా కావాలి. ఒకప్పుడు రేడియో. తర్వాత టీవీ, దానిమీద అల్లికపని చేసిన గుడ్డ. ఆ తర్వాత ఫ్రిజ్. అది కూడా వంటింట్లో కాదు సుమండీ, వచ్చేపోయేవాళ్ళకి కనబడేట్టు ముందుగదిలో! ఇప్పుడు పిల్లవాడి గదిలో అద్దాల పెట్టె. లోపల రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే ఫాన్లు. దాన్ని గేమింగ్ పీసీ అంటారు. అందులో వుండే ప్రాసెసర్ నెంబరు ఎంత పెద్దదైతే ఆ ఇంటి గొప్ప అంత. "మావాడిది ఐ నైన్ అండీ" అని ఒకావిడ అనటం, "మావాడిది ఐ ఫైవే లెండి" అని పక్కావిడ చిన్నబుచ్చుకోవటం కూడా మన పేరంటాల్లో మొదలైపోయాయి.

పిల్లలు ఆటలాడటం తప్పని చెప్పబోవటంలేదు. డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహించవలసిన ఆటగా గుర్తించింది కూడా. కాబట్టి పేకాటకీ దీనికీ ముడిపెట్టి పిల్లల్ని సాధించకండి. కంప్యూటర్ కొనండి, ఆడనివ్వండి. నా పోట్లాటల్లా ఆ తొమ్మిదో నెంబరుతోనే. అది ఎవరు ఎంచుతున్నారు, ఎందుకు ఎంచుతున్నారు, ఆ ఖర్చు ఎవరి వాటాలోంచి పోతోంది అన్నదానితోనే.

మాది పెదపారుపూడి. రామోజీరావుగారు పుట్టిన వూరంటే చాలామందికి తెలుస్తుంది. గుడివాడ దగ్గర, వరి కోసిన చేలల్లో మినుము పండించుకునే ప్రాంతం. మా వూళ్ళోకీ ఈ దర్జా వచ్చేసింది. మా మరిది కొడుకు ఇంజనీరింగులో చేరి కంప్యూటర్ కావాలన్నాడు. మా తోడికోడలు చీటీ పాడి డబ్బు తెచ్చింది. ఏది కొనాలన్నది మాత్రం వాడూ, వాడి స్నేహితుడూ, విజయవాడలో ఒక దుకాణం అబ్బాయీ కలిసి నిర్ణయించారు. "ఈ తొమ్మిదో నెంబరు ఎందుకు బాబూ? తక్కువ నెంబరుదైతే ఆట ఆడదా?" అని ఆవిడ అడిగింది. "అవన్నీ మీకు అర్థం కావు ఆంటీ" అన్నాడా దుకాణం అబ్బాయి. ఆవిడ నోరు మూసుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న! ఆ పెట్టెలో అన్ని భాగాల్నీ మోసేదానికి మదర్‌బోర్డు అని పేరు పెట్టుకున్నారు. బరువు మొయ్యటానికి అమ్మ పేరు పనికొచ్చింది గానీ, బేరం దగ్గర అమ్మ మాట పనికిరాలేదు. పైగా ఈ ప్రాసెసర్లు చేసే రెండు పెద్ద కంపెనీల్లో ఒకటైన ఏఎండీని 2014 నుంచి నడుపుతున్నది లీసా సూ అనే ఆవిడ. తైవాన్‌లో పుట్టి, అమెరికాలో ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో డాక్టరేట్ చేసిన మనిషి. చేయించటానికి ఆడమనిషి బుర్ర సరిపోయినప్పుడు, కొనటానికి సరిపోదా?

అర్థం కానిదేముంది ఇందులో? వంటింటి భాషలో చెప్తాను వినండి. ప్రాసెసర్ అంటే వంటబృందం. కోర్లు అంటారే, వాళ్ళు అందులో మనుషులు. పెళ్ళివంటకి ఇరవైనాలుగుమంది కావాలి, నిజమే. ఇంట్లో నలుగురికి ఉప్మా చెయ్యటానికి ఇరవైనాలుగుమంది వంటింట్లో దూరితే ఉప్మా తొందరగా అవుతుందా? సినిమా ఎడిటింగ్, యానిమేషన్ లాంటివి పెళ్ళివంటలు. ఆటలు అలా కాదు. కొద్దిమంది చురుకైన చేతుల మీదే వాటి పని ఎక్కువగా సాగుతుంది. 2023లో వచ్చిన ఇంటెల్ ఐ9 14900కె లో 24 కోర్లున్నాయని గొప్పగా చెప్తారు. వాటిలో బలమైనవి 8. మిగతా 16 కరెంటు పొదుపుగా వాడుతూ చిన్నాచితకా పనులు చేసేవి. ఈ మాట దుకాణంలో ఎంతమంది విప్పి చెప్తారో మీరే అడిగి చూడండి.

ఇంకోటి కాష్. అది మన పోపులపెట్టె. ర్యామ్ వంటింటి అలమర అనుకుంటే, డిస్కు కొట్టుగది. ఆవాలు చిటపటలాడుతుంటే ఎండుమిరపకాయల కోసం కొట్టుగదిలోకి పరుగెత్తి వచ్చేలోపు పోపు మాడిపోదూ? ఆటలకీ అంతే, కావలసింది చేతికందేంత దగ్గరలో వుండాలి. ఏఎండీవాళ్ళు 2023లోనే రైజెన్ 7 7800ఎక్స్3డి అని ఒకటి తెచ్చారు. క్యారియర్ గిన్నెమీద గిన్నె పెట్టినట్టు, ఒక చిప్పుమీద ఇంకో చిప్పు పేర్చి పోపులపెట్టె పెంచారు. ఐ9లో ఆ పెట్టె 36 మెగాబైట్లు, దీన్లో 96. కోర్లు చూస్తే దీన్లో ఎనిమిదే! అయినా చాలా ఆటల్లో ఈ ఎనిమిదిమందే ఆ ఇరవైనాలుగుమందిని దాటిపోయారు. అమెరికాలో విడుదలైనప్పుడు ఐ9 ధర 589 డాలర్లు, దీని ధర 449. ఎక్కువ పెట్టి తక్కువ ఆట కొనుక్కోవటాన్ని మా వూళ్ళో తెలివి అనరు మరి.

అయితే ఇదే కొనమంటున్నారా అంటారేమో. అలా అనటంలేదు. చాలా ఇళ్ళకి అదీ ఎక్కువే. ఆటలో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ వంట చేస్తే అది వడ్డిస్తుంది. వంటవాళ్ళు ఎంతమందున్నా వడ్డించేవాడు ఒక్కడే అయితే బంతి కదులుతుందా? డబ్బంతా ప్రాసెసర్‌కి పోసి నాసిరకం గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్న ఇంట్లో జరిగేది అదే. ఆరు కోర్లున్న రైజెన్ 5 7600, లేదా ఇంటెల్ ఐ5 12400ఎఫ్ లాంటి మధ్యరకం తీసుకుని, మిగిలింది గ్రాఫిక్స్ కార్డుమీద పెడితే బంతి హాయిగా సాగుతుంది. ఒక్క జాగ్రత్త. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అని వుంటే దాన్లో సొంతంగా బొమ్మ చూపించే భాగం వుండదు. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందాంలే అనుకునేవాళ్ళు దాని జోలికి పోకూడదు. తెరమీద ఏమీ రాదు!

మన ప్రాంతం సంగతి కూడా చూసుకోవాలి కదా. వేసవిలో మన కృష్ణా డెల్టా ఎండ, ఆ ఉక్క ఎలాంటివో మీకు చెప్పాలా? ఫాను కింద కూర్చున్నా చీర ఒంటికి అంటుకుపోతుంది. పూర్తి బరువు పడితే ఆ ఐ9 253 వాట్ల దాకా లాగుతుంది. పాతరకం సీలింగ్ ఫాన్లు మూడు తిరిగేంత కరెంటు. అదంతా వేడే. నూరు డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది తన వేగం తనే తగ్గించుకుంటుంది. దాన్ని చల్లార్చే కూలర్ విడిగా కొనాలి. ఇక గదికి ఏసీ అంటాడు. రైజెన్ 5 7600 అయితే 65 వాట్ల తరగతి, కూలర్ పెట్టెలోనే వస్తుంది. ఇంకో సంగతి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి అవసరానికి మించి వోల్టేజి వెళ్ళి అవి దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్‌వాళ్ళే ఒప్పుకుని, వారంటీ రెండేళ్ళు పెంచి, సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. ఆ తరాల సరుకు కొనేవాళ్ళు ఆ మార్పు ఎక్కించారో లేదో అడిగి తీరాలి.

"అమ్మో, మీరు ఏఎండీ పార్టీయా?" అంటాడు పిల్లవాడు. వాళ్ళల్లో పార్టీలున్నాయి లెండి. మన చిన్నప్పుడు రామారావు పార్టీ, నాగేశ్వరరావు పార్టీ అని కొట్టుకు చచ్చేవాళ్ళే, అలాగ! పామర్రు దగ్గర నిమ్మకూరాయన ఒకరు, గుడివాడ దగ్గర రామాపురం ఆయన ఇంకొకరు. కింద మనవాళ్ళు తలలు పగలగొట్టుకుంటుంటే, వాళ్ళిద్దరూ 1962లో "గుండమ్మ కథ"లో హాయిగా అన్నదమ్ముల్లా వేశారు. ఈ కంపెనీలూ అంతే. 2003లో ఏఎండీ తెచ్చిన 64 బిట్ల పద్ధతిని తర్వాత ఇంటెల్ కూడా తీసుకుంది. 2024లో ఇద్దరూ కలిసి ఒక సలహా సంఘమే పెట్టుకున్నారు. నాకు ఏ పార్టీ లేదు. ఏ ధరకి ఏది మంచిదైతే అదే నా పార్టీ.

"భవిష్యత్తులో పనికొస్తుంది" అనేది వాళ్ళ దగ్గరున్న ఆఖరి బాణం. పెరిగే పిల్లాడని చొక్కా ఒక సైజు పెద్దది కుట్టిస్తాం కదా, ఆ లెక్కలోకి మనల్ని దింపుతారు. కానీ ప్రాసెసర్లు చొక్కాల్లాంటివి కావు. ఇవాళ నెత్తిన పెట్టుకునే ప్రాసెసర్‌ని నాలుగేళ్ళు పోయాక మధ్యరకమే దాటేస్తుంది. అసలు భవిష్యత్తు చూసుకోవలసింది సాకెట్ దగ్గర. పాత మిక్సీకి కొత్త జార్ పట్టకపోతే మిక్సీ మొత్తం మార్చాలి కదా, ఇదీ అంతే. 2017లో రైజెన్‌తో పాటు జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్‌కి 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. ఏఎం5 వచ్చింది 2022లో. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకి ఒక సాకెట్ నడిచింది. 2024లో కోర్ అల్ట్రా వచ్చేసరికి అది మారిపోయింది. కాబట్టి "తర్వాత ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుందా, మదర్‌బోర్డు కూడా మార్చాలా?" అని అడగండి. భవిష్యత్తు గురించి అడగవలసిన ప్రశ్న అదీ.

"చదువుకి కావాలి" అనేది ఇంకో మాట. ఇంజనీరింగు మొదటి ఏడాది ప్రోగ్రాములు రాసుకోవటానికి తొమ్మిదో నెంబరు అక్కర్లేదు. చదువు పేరు చెప్తే తల్లి కాదనదని వాళ్ళకి తెలుసు, అంతే.

ఇంతకీ లెక్క చూడండి. విడుదల ధరల్లో రైజెన్ 5 7600 229 డాలర్లు, ఐ9 589. తేడా 360 డాలర్లు. మన డబ్బులో ముప్పైవేలకి తక్కువుండదు. పెద్ద కూలర్, పెద్ద మదర్‌బోర్డు ఖర్చు ఇంకా వేరే. ఆ ముప్పైవేలూ ఎవరివి? అదే ఇంట్లో మా తోడికోడలికి కూతురు కూడా వుంది. ఇంటర్ చదువుతోంది. ల్యాప్‌టాప్ అడిగితే "నీకు ఫోన్ చాలదూ? అన్నయ్య పాతది వుందిగా" అన్నారు. ఆ పాతదానికి బ్యాటరీ నిలవదు. పిల్లకి అది చాలుననుకున్నవాళ్ళకి, పిల్లాడికి ఐ5 చాలుననిపించలేదు! అబ్బాయి గదిలో పనిలేక కూర్చునే ఆ పదహారు కోర్ల ధరకి, అమ్మాయి చేతికి మామూలు రకం ల్యాప్‌టాప్ ఒకటి వచ్చేది.

నాకు కడుపుమండేది ఇక్కడే. ఇది ఒక్క ఇంటి భాగోతం కాదు. మీ వీధిలో చూడండి. కొత్తది అబ్బాయికి, పాతది అమ్మాయికి, చీటీ వాయిదాలు అమ్మకి. పాలలో వెన్న తేడా, బడిలో ఫీజు తేడా పోయాయని సంతోషించేలోపు, అదే తేడా నెంబరు రూపంలో ఇంట్లోకొచ్చి కూర్చుంది. మనం "అవన్నీ మనకి అర్థం కావులే" అని దానికి పీట వేస్తున్నాం.

కందిపప్పు చేతిలో పోసుకుని కల్తీ పట్టేస్తాం. బంగారం కొట్లో తరుగు దగ్గర గంటసేపు వాదిస్తాం. గ్రైండర్ కొనేటప్పుడు మోటారు ఎన్ని వాట్లో, రాయి ఎలాంటిదో అడుగుతాం. ఈ ఒక్క దుకాణంలోనే ఎందుకండీ మూగబోవటం? ఏ ఆటలు ఆడతాడు? గ్రాఫిక్స్ కార్డు ఏది? ఎన్ని వాట్లు లాగుతుంది? సాకెట్ ఎన్నాళ్ళు నడుస్తుంది? ఈ నాలుగూ అడగండి. జవాబు చెప్పకుండా "మీకు అర్థం కాదు ఆంటీ" అన్నాడా, పర్సు మూసి పక్క దుకాణానికి వెళ్ళండి. కొడుకు అలిగితే అలగనివ్వండి, అన్నం వేళకి వాడే వస్తాడు. ఐదో నెంబరుది ఇంటికి తెచ్చి, మిగిలిన డబ్బు కూతురి పేర పెట్టండి.