మన పత్రికకు ఏం పేరు పెడదాం?

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తెనాలి దగ్గర ఒక ఊరినించి వచ్చిన ఉత్తరం ఒకటి ఉంది. ఏడుగురు కలిసి వ్రాశామన్నారు, కాని కింద సంతకాలు అయిదే ఉన్నాయి. సంగతేమిటంటే, వీళ్లంతా కలిసి సెలవులలో ఒక వ్రాతపత్రిక పెడదామనుకున్నారట. నూరు పేజీల తెల్లకాగితాల పుస్తకం కొన్నారు. రంగు పెన్సిళ్లు కొన్నారు. అందరూ అరుగుమీద చేరి కూర్చోగానే "ఇంతకీ పేరేమిటి?" అన్నాడు ఒకడు. అంతే! ఒకరు "గరుడ" అన్నారు, ఒకరు "నవ్వులపువ్వు" అన్నారు, ఒకరు "విజ్ఞాన మహోదయం" అన్నారు. నెల గడిచిపోయింది. పుస్తకంలో ఒక్క అక్షరమైనా పడలేదు. అందరిలోకీ దస్తూరీ బాగున్న అబ్బాయీ, బొమ్మలు వేసే అమ్మాయీ అలిగి వెళ్లిపోయారు. "తాతయ్యా, మీరే ఒక మంచి పేరు పెట్టండి. అప్పుడు వాళ్లిద్దరూ తిరిగి వస్తారు" అని అడిగారు.

పేరు నేను పెట్టనర్రా. నేను పెడితే అది నా పత్రిక అవుతుంది. ఐతే పేర్లు ఎట్లా పుడతాయో, పుట్టి ఏమవుతాయో నాకు తెలిసిన కథలు కొన్ని చెబుతాను.

ఇంగ్లండులో క్రాఫ్ట్ అనే ఊళ్లో ఒక మతగురువుగారి ఇంట పదకొండుమంది పిల్లలుండేవారు. వాళ్లలో మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు, చార్లెస్ డాడ్జ్‌సన్. అతనికి పదమూడేళ్ల వయసులో, అంటే 1845లో, ఏడేళ్ల తమ్ముడికోసమూ, అయిదేళ్ల చెల్లెలికోసమూ ఒక చిన్న వ్రాతపుస్తకం తయారుచేశాడు. దాని పేరు "ఉపయోగమూ నీతీ గల పద్యాలు". పేరు చూసి భయపడకండి. లోపల ఉన్నవి పెద్దవాళ్ల నీతులను వేళాకోళం చేసే పద్యాలే. ఆ తరువాత ఆ ఇంట్లో వరసగా పత్రికలు వచ్చాయి. వాటి పేర్లు మన భాషలో చెప్పాలంటే, "గురువుగారింటి పత్రిక", "తోకచుక్క", "గులాబీమొగ్గ", "నక్షత్రం", "కొరివిదయ్యం", "గురువుగారింటి గొడుగు". ఎంత ముచ్చటైన పేర్లో చూశారా? కాని ఒకటి ఆగిపోవటం, ఇంకొకటి మొదలు కావటం! తోకచుక్క తన పేరు నిలబెట్టుకున్నట్టే వచ్చింది, పోయింది. కొరివిదయ్యమూ అంతే.

చిట్టచివరిదాని పేరు "మిష్‌మాష్". అంటే కలగూరగంప అన్నమాట. దీనిలో 1855లో చార్లెస్ అర్థం లేని మాటలతో నాలుగు పంక్తుల పద్యం ఒకటి వ్రాశాడు. అది పాతకాలపు పద్యమని బొంకి, దానికి పండితుడిలాగా టీకా తాత్పర్యం కూడా వ్రాశాడు. ఆ నాలుగు పంక్తులూ పెరిగి పెద్దవై, ఎలిస్ అనే అమ్మాయి అద్దంలోకి వెళ్లిన కథలో 1871లో అచ్చయాయి. చార్లెస్ ఎవరో ఈపాటికి గ్రహించే ఉంటారు. లోకం ఆయనను లూయీ కారల్ అంటుంది.

అన్ని పేర్లలోకీ సాదాపేరు కలగూరగంపే. మిగిలింది కూడా దానిలోని పద్యమే!

లండనులో ఇంకొక ఇంటి సంగతి. హైడ్ పార్క్ గేట్ అనే వీధిలో స్టీఫెన్‌గారి పిల్లలు 1891లో వారపత్రిక ఒకటి పెట్టారు. వెనెస్సా, థోబీ, తొమ్మిదేళ్ల వర్జీనియా దానికి రచయితలు. పేరుకోసం వాళ్లు తల బద్దలు కొట్టుకోలేదు. "హైడ్ పార్క్ గేట్ వార్తలు" అన్నారు, అంతే. ఇంటికి ఎవరు వచ్చారు, ఎవరికి జలుబు చేసింది, ఇవే దానిలో వార్తలు. పత్రిక తీసుకువెళ్లి అమ్మ చూసేచోట పెట్టి, ఆవిడ చదివి ఏమంటుందోనని ఆ పిల్లలు ఆదుర్దాగా కనిపెట్టుకుని ఉండేవారట. ఈ పత్రిక ఆగుతూ సాగుతూ నాలుగేళ్లు వచ్చింది. ఆ వర్జీనియాయే పెద్దయి వర్జీనియా ఉల్ఫ్ అనే గొప్ప నవలా రచయిత్రి అయింది.

వీధి పేరు పెట్టటంలో ఒక సుఖం ఉన్నది. ఎవరికోసం వ్రాస్తున్నామో మరిచిపోము. మన తెలుగు పత్రికలవారికీ ఇది బాగా తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, మీ ఇళ్లలో ఉండే అమృతాంజనం తయారుచేసిన ఆయనే, 1908లో బొంబాయిలో వారపత్రిక పెట్టారు. చుట్టూ మరాఠీ, గుజరాతీ మాట్లాడే ఊళ్లో ఉండి, దానికి "ఆంధ్రపత్రిక" అని పేరు పెట్టారు. ఎవరి పత్రికో వేరే చెప్పనక్కరలేదు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది.

హైదరాబాదులో 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు పెట్టిన దానిపేరు "గోలకొండ పత్రిక". ఊరిపక్క కొండమీది కోట పేరే! కాని అటువంటి పేరు పెట్టుకుంటే దాని బరువు మోయవలసి ఉంటుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాశారు. ప్రతాపరెడ్డిగారు కోపంతో జవాబు వ్రాసి ఊరుకోలేదు. ఊరూరికీ కబురు పెట్టి కవుల పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" వేశారు. పేరుకు తగిన పని అంటే అదీ!

ఇంకొందరు తాము చేయదలచుకున్న పనినే పేరుగా పెట్టుకుంటారు. కందుకూరి వీరేశలింగంపంతులుగారు 1874లో పెట్టినది "వివేకవర్ధిని". వివేకాన్ని పెంచేది అని అర్థం. గంభీరమైన పేరే. ఆయన ఊరంతా విరోధమైనా చెప్పదలచినది చెప్పగలవాడు గనక ఆ పేరు ఆయనకు నప్పింది. మనం "విజ్ఞాన మహోదయం" అని అట్టమీద వ్రాసి లోపల రెండు పొడుపుకథలు వేస్తే నవ్వుతారు. ఆయన కూడా రెండేళ్ల తరువాత నవ్వులకోసం వేరే పత్రిక పెట్టి, దానికి "హాస్యసంజీవని" అని తగిన పేరే పెట్టారు.

ఇక నాకు అన్నిటికంటె ఇష్టమైన పేరు బెంగాలీలవారిది. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో పిల్లల పత్రిక మొదలుపెట్టారు. కథలు ఆయనే వ్రాసేవారు, బొమ్మలు ఆయనే వేసేవారు, అచ్చుకూటమూ ఆయనదే. దాని పేరు "సందేశ్". సందేశమంటే కబురు అని మనకు తెలుసు. బెంగాలీలో సందేశ్ అంటే ఇంకొకటి కూడా ఉన్నది. విరిగిన పాలతో చేసే మిఠాయి! అంటే నెలనెలా ఇంటికి ఒక కబురూ వస్తుంది, ఒక మిఠాయీ వస్తుంది. ఉపేంద్రకిశోర్ 1915లో పోయారు. ఆయన కొడుకు సుకుమార్ రాయ్ దాన్ని నడిపారు. మధ్యలో అది ఆగిపోతే, మనుమడు సత్యజిత్ రాయ్, సినిమాలు తీసిన ఆయనే, 1961లో తిరిగి ఆరంభించారు. పేరు మార్చలేదు. తాతగారి మిఠాయి మనుమడికీ తియ్యగానే ఉన్నది మరి!

మన "చందమామ" సంగతి మీ అమ్మమ్మలను అడగండి. 1947లో తెలుగులోనూ, "అంబులిమామ" అని తమిళంలోనూ మొదలైంది. తరువాత ఇంకా ఎన్నో భాషలలో వచ్చింది. చంద్రుడు తమిళ పిల్లలకూ మామే కావటంవల్ల పేరు వెతుక్కోనక్కరలేక పోయింది. ఆ పత్రిక ఇప్పుడు రావటం లేదు. కాని పేరు చెప్పగానే పెద్దవాళ్ల ముఖాలు ఎట్లా వెలుగుతాయో చూడండి.

ఇప్పుడు మీ పత్రిక సంగతికి వద్దాం. నూరు పేజీల పుస్తకం కొనటం నాకేమీ నచ్చలేదు. నూరు పేజీలు చూస్తే ఎవరికైనా చెయ్యి ఆడదు. దాన్ని లెక్కలకు వాడుకోండి. నాలుగు పెద్ద తెల్లకాగితాలు తీసుకుని, ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యకు మడవండి. పదహారు పేజీల పుస్తకం వచ్చింది కదా? మడత విప్పకుండా 1 నుంచి 16 వరకు మూలల్లో పెన్సిలుతో అంకెలు వేయండి. ఇప్పుడు విప్పి చూడండి! పైకాగితంమీద 16, 1 పక్కపక్కన ఉంటాయి. దాని వెనక 2, 15. రెండవ కాగితంమీద 14, 3. వెనక 4, 13. ఎక్కడ చూసినా పక్కపక్క అంకెలు రెండూ కలిపితే 17. అచ్చుకూటంలో పేజీలు పేర్చేవారికి ఈ లెక్క కరతలామలకం. అయిదు కాగితాలైతే ఎంత వస్తుందో మీరే వేసి చూడండి. దీనివల్ల లాభమేమిటంటే, కాగితాలు విడివిడిగా పంచుకుని ఒకే రోజున నలుగురు నాలుగిళ్లలో కూర్చుని వ్రాయవచ్చు. తరువాత మడతమీద మూడుచోట్ల సూదితో గుచ్చి దారం కుట్టండి. మడతవైపు రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలటం మరవకండి, లేకపోతే అక్షరాలు కుట్టులోకి పోతాయి.

ఒక్క ప్రతి చాలు. ఇల్లిల్లూ తిరుగుతుంది. నకళ్లు కావాలంటే ఇప్పుడు జిరాక్సు ఉన్నది. అది లేని రోజుల్లో జెలటినూ గ్లిజరినూ కలిపి కాచి, పళ్లెంలో పోసి, హల్వాలాగా గడ్డకట్టనిచ్చేవారు. ఊదారంగు సిరాతో వ్రాసిన కాగితం దానిమీద అద్దితే రంగు దానిలోకి దిగేది. అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి కనిపించేవి. దానిమీద తెల్లకాగితాలు ఒక్కొక్కటే అద్దితే వాటిమీద సరిగా పడేవి. కొన్ని డజన్ల ప్రతులయేసరికి రంగు వెలిసిపోయేది. చేతులకు అంటిన ఊదారంగు మాత్రం త్వరగా వెలిసేది కాదు!

మరి అట్టమీద ఏం వ్రాయాలి? మొదటి సంచికకు ఏమీ వ్రాయకండి. పైన జానెడు చోటు ఖాళీగా వదలండి. లోపలి పేజీలు పూర్తిచేసి, అందరూ కూర్చుని మొదటినుంచి చివరిదాకా పైకి చదవండి. మీరు పొడుపుకథలవాళ్లో, ఊరికబుర్లవాళ్లో, దయ్యాల కథలవాళ్లో అప్పుడు గదా మీకే తెలిసేది! అప్పుడు పేర్లు చెప్పుకోండి. ప్రతి పేరునూ వీధి ఆ చివరనుంచి కేక వేసి చూడండి. ఆరేళ్ల పిల్ల విని తిరిగి చెప్పగలదా? ఒక్క పంక్తిలో పడుతుందా? పదవ సంచికమీద కూడా బాగుంటుందా? ఇదివరకే ఇంకొకరిదేమో కూడా విచారించాలి. అచ్చుపత్రికలకైతే మన దేశంలో పేరు నమోదు చేయించాలి, ఒక భాషలో ఒకరికి ఉన్న పేరు మరొకరికి ఇవ్వరు. మీది వ్రాతపత్రికే కావచ్చు, ఐనా ఇంకొకరి పేరు మనకెందుకు?

ఊరికబుర్లు వేసేట్టయితే ఒక్కమాట. ఎవరింట్లో కొట్లాడుకున్నారో, ఎవరు పరీక్ష తప్పారో వ్రాయకండి. పత్రిక ఇల్లిల్లూ తిరిగేదని చెప్పాను కదా, అది వాళ్లింటికీ వెళుతుంది.

అలిగిన ఇద్దరి దగ్గరికీ రేపే వెళ్లండి. "పేరు మీరు చెప్పిందే పెడతాం, రండి" అనకండి. ఆ మాట నిలబెట్టుకోలేకపోతే మళ్లీ అలక. పెన్సిలు అంకెలు వేసిన కాగితం ఒకటి ఆ అబ్బాయికి ఇచ్చి, "ఈ మూడవ పేజీ నీ దస్తూరీకని వదిలాం" అనండి. ఆ అమ్మాయికి నడిమి కాగితం ఇవ్వండి. 8, 9 పేజీలు కలిసి ఉండేది అక్కడే. పెద్ద బొమ్మ వేయటానికి అంతకంటె మంచిచోటు పుస్తకం మొత్తంలో లేదు. ఆ రోజున రాకపోయినా, కాగితం మాత్రం వాళ్ల దగ్గరే ఉంచి రండి.

రెండవ సంచిక మొదటిదానికంటె కష్టం. మొదటిదానికి ఉత్సాహం ఉంటుంది, రెండవదానికి తేదీ ఒక్కటే ఉంటుంది. అందుకని మొదటి సంచిక ఆఖరు పేజీలో రెండవది ఏ రోజున వస్తుందో వ్రాసెయ్యండి. నలుగురూ చదివాక తప్పించుకోలేరు.

వ్రాతపత్రికకు సిరా చాలా ఖర్చవుతుంది. కరక్కాయలు నానవేసిన నీళ్లలో ఇనుపమేకులు వేస్తే నల్లని సిరా ఎందుకు వస్తుందో, దాన్ని ఇంట్లో ఎట్లా చేసుకోవచ్చునో వచ్చే నెల ఈ పేజీలో చెబుతాను. నాలుగు కరక్కాయలూ, గుప్పెడు తుప్పు పట్టిన మేకులూ సిద్ధంచేసి ఉంచుకోండి.

మీ తాతయ్య