ఎవరి వైపు నుంచి వచ్చింది?

పుట్టుకతోనే జబ్బున్న బిడ్డ పుడితే, డాక్టరు చెప్పేది పూర్తిగా వినకముందే మన ఇళ్ళలో ఒక ప్రశ్న బయల్దేరుతుంది. "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" జవాబు కూడా రెడీగానే ఉంటుంది. "మా వంశంలో అయితే ఎవరికీ లేదమ్మా!" ఇక మిగిలేది ఎవరు? కోడలు.

ఆ ప్రశ్నే తప్పంటాను నేను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు గురించి కొంచెం తెలుసుకుంటే ఎందుకో మీకే అర్థమవుతుంది. మనలో ఎక్కువ మంది ఎంపీసీ బ్యాచ్, పదో తరగతితో బయాలజీకి దండం పెట్టేసిన వాళ్ళం. పర్లేదు, మెండెల్ గారి బఠాణీ మొక్కలు గుర్తుంటే చాలు.

ఈ జబ్బుకి కారణం ఏడో క్రోమోజోమ్ మీదున్న సీఎఫ్‌టీఆర్ అనే ఒకే ఒక్క జన్యువు. 1938లో అమెరికాలో డొరతీ ఆండర్సన్ అనే డాక్టరు ఈ జబ్బుని విడిగా గుర్తించి వివరించారు. జన్యువు దొరకడానికి మాత్రం 1989 దాకా పట్టింది. ఈ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ కణాల పొరలో గేటులా పనిచేస్తుంది, క్లోరైడ్‌ని అటూ ఇటూ దాటిస్తుంది. ఉప్పు వెళ్ళిన చోటికే నీళ్ళూ వెళ్తాయి. గేటు పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడి పేరుకుపోతుంది, ఇన్ఫెక్షన్లు తిరగబెడుతూనే ఉంటాయి. క్లోమం నాళాలు పూడుకుపోయి తిన్నది ఒంటికి పట్టదు. చెమటలోకి వచ్చిన ఉప్పుని శరీరం వెనక్కి తీసుకోలేదు కాబట్టి చెమట బాగా ఉప్పగా ఉంటుంది. ఇప్పటికీ ఈ జబ్బుకి ముఖ్యమైన పరీక్ష చెమట పరీక్షే. లీటరు చెమటలో క్లోరైడ్ 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క.

ఇంత కష్టానికి మూలం చాలాసార్లు ఎంత చిన్న తప్పో తెలుసా? ప్రపంచంలో ఎక్కువగా కనిపించే మార్పులో ఆ జన్యువులోంచి మూడంటే మూడు అక్షరాలు ఎగిరిపోతాయి. దాంతో 1480 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 508వది ఉండదు. అంతే. సెమీకోలన్ మర్చిపోయి రాత్రంతా కూర్చున్న వాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అసలు విషయం ఇక్కడుంది. ఈ జన్యువు ప్రతి మనిషిలో రెండు కాపీలు ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి పాడైనా రెండోది పని నడిపించేస్తుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ లాగా. అలాంటి మనిషిని క్యారియర్ అంటారు. క్యారియర్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, తమలో పాడైన కాపీ ఉందన్న సంగతి వాళ్ళకే తెలీదు. రెండు కాపీలూ పాడైతేనే జబ్బు. అంటే దాదాపు ప్రతిసారీ ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చి ఉంటుంది. కాబట్టి "ఎవరి వైపు నుంచి?" అనడిగితే జవాబు ఒక్కటే, ఇద్దరి వైపు నుంచీ. "మా వంశంలో ఎవరికీ లేదు" అన్నమాట నిజమే కావచ్చు. కానీ దాంతో ఏమీ రుజువు కాదు. పాడైన కాపీ తరాల తరబడి చప్పుడు లేకుండా చేతులు మారగలదు.

ఇప్పుడు మనకి తెలిసిన లెక్కలు. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, తర్వాతి ముగ్గురికీ రాదులే" అనుకోవడం పొరపాటు. పాచికకి జ్ఞాపకశక్తి ఉండదు. జబ్బున్న బిడ్డకి ఆరోగ్యంగా ఉన్న అన్నో చెల్లో ఉంటే, వాళ్ళు క్యారియర్ అయ్యే అవకాశం సగం కాదు, మూడింట రెండు వంతులు. కండిషనల్ ప్రాబబిలిటీ చదివాం కదా, వేసి చూసుకోండి.

మేనరికం మాట కూడా చెప్పుకోవాలి. ఒక అమ్మాయి క్యారియర్ అనుకుందాం. ఆమె బావకి అదే పాడైన కాపీ తాతా అవ్వల నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. సొంత మేనమామ అయితే నాలుగింట ఒకటి. బయటి జనంలో వందకి ఒకరు క్యారియర్ అని ఉదాహరణకి అనుకున్నా, తేడా ఎంతో మీకే కనిపిస్తుంది. అలాగని మేనరికాల్లో పుట్టే పిల్లలందరికీ జబ్బులుంటాయని కాదు, ఎక్కువ మంది ఆరోగ్యంగానే పుడతారు. బయటి సంబంధం చేసుకుంటే గండం గడిచినట్టూ కాదు. ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఉత్తర యూరప్ మూలాలున్న వాళ్ళలో, వాళ్ళలో మేనరికాలు అరుదు. అక్కడ సుమారు పాతికమందికి ఒకరు క్యారియర్.

అందుకే దీన్ని "తెల్లవాళ్ళ జబ్బు" అనేసి మనం పక్కన పెట్టేశాం. కానీ ఇది మన దేశంలోనూ ఉంది. తగ్గని దగ్గుని టీబీ అనో ఆస్తమా అనో, బరువు పెరగని బిడ్డని "సరిగ్గా తినడు" అనో అనుకుంటూ ఏళ్ళు గడిచిపోతాయి. ఇక్కడ కూడా నింద తల్లి మీదే, పాలు చాలవనీ, పెంచడం రాదనీ. పైగా మన ఎండల్లో ఈ పిల్లలు చెమటతో ఉప్పు కోల్పోయి ప్రమాదంలో పడతారు. ఇప్పుడు ఆ గేటుని కొంతవరకు పనిచేయించే మందులొచ్చాయి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక చాలామంది జీవితాలని మార్చేసింది. కానీ అక్కడ దాని ధర ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే. అంత ఖరీదు చేతికందని మనకి, జబ్బుని త్వరగా కనిపెట్టడం ఇంకా ముఖ్యం.

మరి పెళ్ళికి ముందే అందరికీ జన్యు పరీక్షలు చేయించాలా? ఇక్కడ నాకో భయం ఉంది. క్యారియర్ అని తేలిన అమ్మాయికి సంబంధాలు రావు, అబ్బాయి రిపోర్టు బీరువాలోనే ఉండిపోతుంది. పరీక్ష ఇంకో జాతకంలా మారితే ఉపయోగం కంటే నష్టమే ఎక్కువ. నేను కోరేది వేరు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉన్నా, మేనరికం అయినా, పిల్లల్ని కనేముందు భార్యాభర్తలిద్దరూ కలిసి జన్యు నిపుణుల్ని కలవాలి. పరీక్ష అవసరమైతే ఇద్దరి సంగతీ తేలాలి. ఆ ఫలితం వాళ్ళిద్దరిది, చుట్టాలది కాదు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఇందుకో విభాగమే ఉంది, సీడీఎఫ్‌డీ కూడా ఉంది. మనం వెళ్ళలేనంత దూరమేమీ కాదు.

ఇంకో మాట. ఏదో ఒక జన్యువులో పాడైన కాపీ లేని మనిషి దాదాపు ఉండడు. నాలోనూ ఉంటాయి, మీలోనూ ఉంటాయి. కాబట్టి మచ్చలేని వంశం అంటూ ఏదీ లేదు. ఇంకో ఐదారేళ్ళలో మన పెళ్ళిళ్ళవుతాయి. ఎప్పుడైనా మన ముందు ఆ పాత ప్రశ్న ఎవరైనా అడిగితే, కోడలు తలదించుకోకముందే "ఇద్దరి వైపు నుంచీ" అని ఆ ఇంటి అబ్బాయే చెప్పాలి.