బొమ్మలపై సుంకం

మానవుని అభిరుచులలో సేకరణాభిలాష విశిష్టమైనది. నాణెములు, తపాలా బిళ్ళలు కూడబెట్టేవారివలెనే బొమ్మలను సేకరించేవారు కూడ లోకమంతటా ఉన్నారు. తెలుగునాట కొలువు తీర్చే ఇల్లాలు కొండపల్లి బొమ్మను తరతరాలు భద్రపరచడంలో ఉన్న మమకారమే, జపాన్ చిత్రకథా నాయకుల ప్రతిమలను, లోహపు కార్ల నమూనాలను తెప్పించుకొనే అమెరికా ఔత్సాహికునిలోనూ ఉంది. వీరికి బొమ్మ కేవలం కాలక్షేపపు వస్తువు కాదు. ఒక కాలానికి, ఒక కళకు గుర్తు. ఇటువంటి అభిరుచిని దిగుమతి సుంకాల మార్పు ఎంతగా కలచివేయగలదో 2025వ సంవత్సరం వెల్లడించింది.

అమెరికాలో 2016 నుండి 800 డాలర్లకు మించని విలువ గల పార్సిళ్ళు సాధారణంగా సుంకం లేకుండానే ప్రవేశించేవి. 2025 మే 2న చైనా, హాంకాంగుల వస్తువులకు, ఆగస్టు 29న తక్కిన దేశాల వస్తువులకు ఈ మినహాయింపు తొలగింది. తపాలా పార్సిళ్ళపై ఆరు నెలల పాటు విలువను బట్టి గాని, వస్తువు ఒక్కింటికి దేశాన్ని అనుసరించి 80, 160 లేదా 200 డాలర్ల చొప్పున గాని సుంకం వసూలు చేయవచ్చునని ఉత్తర్వు వెలువడింది. రెండవ పద్ధతిలో 30 డాలర్ల బొమ్మకు కనీస సుంకమే 80 డాలర్లు! పావలా కోడికి ముప్పావలా దిగదుడుపు అన్న సామెతకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

అయితే సేకర్తల కష్టం సుంకపు భారంలో కంటె అనిశ్చితిలోనే అధికంగా ఉంది. పరిమిత సంఖ్యలో తయారయ్యే ప్రతిమలకు నెలల ముందే ఆర్డరు పెట్టవలసి ఉంటుంది. పైగా, జపాన్ సంస్థల ప్రతిమలలో అనేకం చైనాలో తయారవుతాయి. సుంకం అమ్మిన దేశాన్ని కాక తయారైన దేశాన్ని బట్టి పడుతుంది. చైనా వస్తువులపై 2025లో విధించిన అదనపు సుంకం ఏప్రిల్‌లో 145 శాతానికి ఎగబ్రాకి, మే నెలలో 30 శాతానికి దిగింది. ఆర్డరు నాటి లెక్క వస్తువు చేరేనాటికి నిలువలేదు.

ఈ సెగ భారతదేశాన్నీ తాకింది. సుంకాన్ని ఎవరు, ఏ విధంగా వసూలు చేయాలో స్పష్టత లేనందున మన తపాలా శాఖ ఆగస్టు 25 నుండి అమెరికాకు పార్సిళ్ళను చాలావరకు నిలిపి, నెలాఖరుకు సేవలన్నింటినీ ఆపి, అక్టోబరు 15న పునరుద్ధరించింది. ఈ నడుమనే దసరా వచ్చి వెళ్ళింది. ప్రవాసాంధ్రుల కొలువులకు ఇక్కడి నుండి తపాలాలో బొమ్మలు పంపే దారి ఆ పండుగకు మూసుకొనిపోయింది.

స్వదేశీ పరిశ్రమను కాపాడుకోవడానికి సుంకం అవసరమనే వాదాన్ని తోసిపుచ్చలేము. మన దేశమే ఆట వస్తువులపై దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. పిల్లల ఆట వస్తువుకు బదులు స్వదేశంలో దొరుకుతుంది. సేకర్త కోరే ప్రతిమకు బదులు దొరకదు. ఆ సుంకం వలన స్వదేశంలో ఏ కార్మికునికీ పని పెరగదు. కొనేవాని ఆశ మాత్రమే అడుగంటుతుంది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు హరించేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని, అది ముప్పదింట ఒక వంతని ఆయన రాతిపై చెక్కించాడు. ఓడ ఎక్కకముందే వర్తకునికి తాను చెల్లించవలసినదెంతో తెలుసు. నేటి ప్రభుత్వాలకూ ఇదే అనుసరణీయం. సుంకాల మార్పును చాలినంత ముందుగా ప్రకటించాలి. అప్పటికే మూల్యం చెల్లించిన వస్తువులకు పాత రేటునే వర్తింపజేయాలి. స్వల్ప విలువ గల వస్తువుపై దాని వెలను మించిన సుంకం ఉండరాదు. ఒక్క బొమ్మను కొనే సామాన్యునికి కూడ ఓడ సరకు తెచ్చే వర్తకునికి లభించిన అభయమే లభించాలి.